ఒక్క రోజూ కిందికి దిగని మనిషి

పోయిన గురువారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా గేటును ఎవరో మూడుసార్లు కొట్టారు. వేళ్ళతో కాదు, ఇనుముతో. మూడు దెబ్బల మధ్యా ఒకే ఎడం. చేతిలోని కాఫీ కింద పెట్టి గోడ గడియారం చూశాను. ఆ విధంగా కొట్టే మనిషి పోయి ఆ రోజుకు ఐదు నెలల పదిహేను రోజులు.

గేటు దగ్గర ఎవరున్నారో చివర చెబుతాను. ముందు ఆ చప్పుడు ఎవరిదో చెప్పాలి.

ఆయన మా కోలారు బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్ వైపు ఒక షాఫ్టు దగ్గర పనిచేసేవాడు. షాఫ్టు అంటే గనిలోకి నిలువుగా తవ్విన దారి. కేజు అనే ఇనుప బోను అందులో మనుషులను దించుతుంది, పైకి తెస్తుంది. బోను ఎక్కేవాళ్ళను లెక్కపెట్టి, తలుపు వేసి, యంత్రం నడిపే అతనికి గంటతో కబురు చెప్పడం ఈయన పని. ఒకటి కొడితే ఆపమని. మూడు కొడితే లోపల మనుషులున్నారు, మెల్లగా అని. ఈ పని ముప్పైయొక్క సంవత్సరాలు చేశాడు.

గనులు మూసేశాక గంట పోయింది కానీ అలవాటు పోలేదు. మా వీధికి కొళాయి నీళ్ళు ఎనిమిది రోజులకో పది రోజులకో ఒకసారి వస్తాయి. ఎప్పుడు వదులుతారో వాల్వు తిప్పే అతనికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ అతనితో ఈయనకు స్నేహం. కబురు తెలియగానే ఒక ఇనుప బోల్టు చేత పట్టుకుని, వీధి దిగువన మొదటి గేటుతో మొదలుపెట్టి వరసగా తొమ్మిది గేట్లు కొట్టుకుంటూ మిట్ట ఎక్కేవాడు. తొమ్మిదోది మాది. ఈ ఉద్యోగం ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. మా వీధిలో ఎవరి డ్రమ్మూ ఖాళీగా ఉండకపోవడానికి మాత్రం ఆయనే కారణం.

నేను ఎక్కువసేపు మాట్లాడితే బోల్టుతో మెట్టు మీద ఒక్క దెబ్బ కొట్టేవాడు. ఆపమని అర్థం. ముప్పై నాలుగు సంవత్సరాలు పిల్లలకు లెక్కలు చెప్పిన నన్ను అలా ఆపినవాళ్ళు మరొకరు లేరు.

మా స్నేహం మా ఇంటాయన పెద్దకర్మ రోజున మొదలైంది. మా ఇంటాయన గనుల టైమాఫీసులో హాజరు పుస్తకాలు రాసేవారు, అందువల్ల ఈయనకు ఆయన తెలుసు. భోజనాలు అయ్యాక, వాకిట్లో నిలబడి ఉన్న ఈయన నా దగ్గరికి వచ్చాడు.

"టీచరమ్మా, నూటా నలభై ఆరు మంది లోపలికి వచ్చినారు. నూటా నలభై అయిదు మంది బయటికి పొయినారు. ఒకరు యాడనో ఉండారు."

"నిన్ను ఎవరు లెక్కపెట్టమన్నారప్పా?"

"ఎవరూ చెప్పలేదు. దిగినోళ్ళు ఎంతమందో ఎక్కినోళ్ళు అంతమంది ఉండాల. ఒకరు తక్కువైనా నేను ఇంటికి పొయ్యేది లేదు."

నేను విస్తరాకులు లెక్కపెట్టి ఉన్నాను. నూటా నలభై ఆరే. ఇద్దరం వెతికితే, బైరకూరు నుంచి వచ్చిన మా పెద్దమామ రాగుల మూటల వెనక గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. ఆయన్ను లేపి బస్సు ఎక్కించి వచ్చాకే ఈయన ఇంటికి బయలుదేరాడు. నా లెక్కతో ఇంకొకరి లెక్క అంత సరిగ్గా సరిపోవడం నాకు అదే మొదటిసారి.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా రాయాలి. ఈ కాగితం మీద ఆయన్ను 'ఆయన' అంటున్నాను. ఎదుట ఎప్పుడూ 'నువ్వు' అనే అన్నాను. నాకన్నా రెండు సంవత్సరాలు చిన్న, నిజమే. కారణం అది కాదు. ఆయన తాత, మా తాత ఇద్దరూ చిత్తూరు వైపు పల్లెల నుంచే ఇక్కడికి వచ్చారు. ఎవరి కులాన్ని బట్టి వారికి పని దొరికింది, పనిని బట్టి ఇల్లు దొరికింది. మావాళ్ళకు ఆఫీసు, పెంకుటింటి వీధి. వాళ్ళకు గని, లైను. లైను అంటే ఒకే గోడను పంచుకుంటూ వరసగా కట్టిన ఒంటిగది ఇళ్ళు. మా వీధి చివర నుంచి లైనుకు నాలుగు వందల అడుగులు. ఆయన మా ఇంటికి వస్తే మెట్టు మీద కూర్చునేవాడు. ఆయన నీళ్ళ గ్లాసు వరండా పిట్టగోడ మీద బోర్లించి ఉండేది. తాగి, తనే కడిగి, మళ్ళీ బోర్లించేవాడు. ఆ గ్లాసును అక్కడ పెట్టింది నేనే.

నీళ్ళు వచ్చిన తేదీ, సమయం, నిండిన డ్రమ్ములు రాసుకోవడానికి నాకొక పుస్తకం ఉంది. దాని అంచులో ఇంకో అంకె కూడా వేసేదాన్ని. మొదటి గేటు చప్పుడుకీ మా గేటు చప్పుడుకీ మధ్య ఎన్ని నిమిషాలని. చెవికి వినిపించింది కాబట్టి వేశాను. మొదట్లో ఆరు, ఏడు. ఒక సంవత్సరం తరువాత తొమ్మిది. తరువాత పన్నెండు. ఆ పైన పదిహేడు. అయిదో గేటు దగ్గర ఒకసారి, ఏడో గేటు దగ్గర ఒకసారి గోడ పట్టుకుని నిలబడేవాడు. మా గేటు చేరేసరికి మూడో దెబ్బ సరిగా పడేది కాదు.

"ఏమప్పా, ఇంత ఆయాసం?"

"దమ్ము టీచరమ్మా. మైన్స్ దుమ్ము."

మా ఊళ్ళో ఈ మాటకు ఇంకో ప్రశ్న ఉండదు. గనిలో రాయి తొలిచిన ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని, పని మానిన ఎన్నో ఏళ్ళకు మనిషిని తీసుకుపోవడం ఇక్కడ ప్రతి లైనూ చూసింది. అందుకే లైనులో ఎవరు దగ్గినా, ఎవరు రొప్పినా అది దమ్మే. ఊళ్ళోని ఆస్పత్రిలోనూ అంతే. ఆయన అక్కడికి వెళితే ఒకే ప్రశ్న అడిగారట. "మైన్సా?" అవునన్నాడు. పీల్చే మందు, దగ్గు మందు రాసిచ్చారు. ఆరు సంవత్సరాల రెండు నెలలు అదే చీటీ, అవే మందులు. సాయంత్రానికి కాళ్ళు వాచేవి. మేజోడు విప్పితే దాని అంచు పడిన చోట కడియం తొడిగినట్టు లోతుగా గుంట కనిపించేది. నేను చూశాను. దమ్ముకు కాళ్ళెందుకు వాస్తాయని నేనూ అడగలేదు.

ఇంకో సంగతి కూడా నాకు తెలుసు. ఆయన ఒక్క రోజు కూడా గనిలోకి దిగలేదు. టైమాఫీసులో రెండు పుస్తకాలుండేవి, పైన పనిచేసేవాళ్ళది ఒకటి, కింద పనిచేసేవాళ్ళది ఒకటి. ఈయన పేరు ముప్పైయొక్క సంవత్సరాలూ పై పుస్తకంలోనే ఉంది. ఇంట్లో మా ఇంటాయన కూడికలు సరిచూసేది నేనే కాబట్టి ఆ పేరు ఏ వరసలో ఉండేదో కూడా గుర్తుంది. అది తెలుసు, నిమిషాలు తెలుసు, కాళ్ళ వాపు తెలుసు. మూడు అంకెలూ నా దగ్గరే ఉన్నాయి. కూడలేదు.

కూడించింది నా సొంత ఆయాసం. ఒక ఫిబ్రవరిలో, బుధవారం నాడు, బట్టలారేసి వస్తూ ఊపిరి చాలక కూలబడ్డాను. మా తమ్ముడి కూతురు ఆ మధ్యాహ్నమే కారులో జిల్లా కేంద్రం కోలారు తీసుకెళ్ళింది. అక్కడ పెద్ద ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ నన్ను పదకొండు ప్రశ్నలు అడిగింది. నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఏడోది, "ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటారు?" అని. శనివారానికల్లా, అంటే నాలుగో రోజుకు, రక్తపోటు వల్ల గుండె మీద భారం పడుతోందని, మాత్రలతో సరిపోతుందని తేల్చేశారు. సోమవారం ఇల్లు చేరాను. శుక్రవారం నీళ్ళు వచ్చాయి.

ఆ రోజు అంచులో అంకె ఇరవై రెండు. ఆయన మెట్టు మీద కూలబడి, గ్లాసు అందుకునే ఓపిక కూడా లేక, తల వంచుకుని ఉన్నాడు. నాకు డాక్టరమ్మ ఏడో ప్రశ్న గుర్తొచ్చింది.

"రాత్రిళ్ళు ఎన్ని దిండ్లు పెట్టుకుంటావప్పా?"

నవ్వాడు. "దిండు యాడ టీచరమ్మా? గోడే నా దిండు. నడుం వాల్చి మూడేండ్లయింది. వాలిస్తే మునిగిపొయినట్ల అవుతాది."

మాకిద్దరికీ ఒకే ఊరు, ఒకే భాష, ఒకే ఆయాసం, వయసులో రెండేళ్ళ తేడా. నన్ను పదకొండు అడిగారు, ఆయన్ను ఒకటి. నాకు నాలుగు రోజులు పట్టింది, ఆయనకు ఆరు సంవత్సరాల రెండు నెలలు గడిచినా తేలలేదు. ఈ తీసివేత ఆ తరువాత చాలాసార్లు చేశాను. మిగిలేది ప్రతిసారీ అంతే.

"మంగళవారం కోలారు పోతున్నాం. నువ్వు, నీ భార్య, నేను," అన్నాను.

"దమ్ముకు కోలారెందుకు? పీల్చే మందు ఉండాది కదా."

"నువ్వు ఎప్పుడు కిందికి దిగావని నీకు దమ్ము?"

ఆయన బోల్టు తీసి మెట్టు మీద ఒక్క దెబ్బ కొట్టాడు. ఆపమని. నేను ఆపలేదు. పై పుస్తకం మాట కూడా అనేశాను. ఆయన బోల్టు కింద పెట్టి పిట్టగోడ వైపు తిరిగాడు.

"ఒకటి చెప్తాను, ఎవరికీ చెప్పొద్దండి," అన్నాడు. "నేను గంట మూడుసార్లు కొట్టి దింపినోళ్ళంతా దమ్ముతోనే పొయినారు టీచరమ్మా. ఒక్కొక్కని పేరు నాకు తెలుసు. నేను పైన ఎండలో నిలబడుకోని ఉంటిని. వాళ్ళు ఉన్నన్ని దినాలు నన్ను 'పైనోడు' అని ఎగతాళి చేస్తా ఉండిరి. ఇప్పుడు చేసేదానికి ఎవరూ లేరు. నాకు దగ్గు మొదలైనప్పుడు మా లైనోళ్ళు అండర్‌గ్రౌండ్ తాతా అని పిలిచి, మారెమ్మ పండగలో ముందర కుర్చీ వేసినారు. నేనూ కాదనలేదు. వాళ్ళకొచ్చింది నాకొకనికి రాకుంటే ఎట్ల? లెక్క సరిపోవాల కదా."

అండర్‌గ్రౌండ్ మనిషి అన్న పేరు కోసం ఒక మనిషి జబ్బును మోసుకు తిరగడం బయటివాళ్ళకు అర్థం కాకపోవచ్చు. ఈ ఊళ్ళో పుట్టినదాన్ని కాబట్టి నాకు అయింది. అయినా మంగళవారం ఆయన్ను బస్సెక్కించాను. బస్సులో ఆ ఆయాసంలోనే తలలు లెక్కపెట్టాడు. యాభై మూడు.

ఆస్పత్రిలో నేను చూపించుకున్న డాక్టరమ్మ ఆ రోజు లేదు. ఇంకొక ఆమె, చిన్న వయసు, బాగా అలసిపోయి ఉంది. కన్నడంలో అడిగింది.

"ఏ ఊరు?"

చెప్పాడు.

"మైన్సా?"

"మైన్సే మేడం."

"కిందా?"

ఆయన వీపు నిటారుగా చేశాడు. "కిందనే మేడం. డీప్ లెవెల్." గనిలో ఒక్కో లోతున ఉండే అంతస్తును లెవెల్ అంటారు.

ఆమె కలం చీటీ మీద కదలడం మొదలైంది. మొదటి మందు పేరు తలకిందులుగా చూసి కూడా గుర్తుపట్టాను. అదే పీల్చే మందు. ఆయన భార్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను లేచి నిలబడ్డాను.

"డాక్టరమ్మా, ఈయన ఒక్క రోజూ కిందికి దిగలేదు. పైన గంట కొట్టేవాడు. ముప్పైయొక్క సంవత్సరాల హాజరు పుస్తకం మా ఇంటాయన రాశారు. ఈయన మూడు సంవత్సరాలుగా గోడకు ఆనుకుని నిద్రపోతున్నాడు. సాయంత్రానికి కాళ్ళు వాస్తాయి. పదమూడు రోజుల క్రితం నన్ను ఇక్కడే పదకొండు ప్రశ్నలు అడిగారు. ఈయన్ను మూడు అడిగారు. ఇంకా ఎనిమిది బాకీ."

గదిలో బెంచీ మీద ఆరుగురు ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు ఆయన లైనువాళ్ళు. ఆ సంగతి నేను గమనించలేదు. గమనించి ఉంటే ఏం చేసేదాన్నో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆయన మాత్రం గమనించాడు. నా వైపు ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాడు.

ఆ చిన్న డాక్టరమ్మ మంచిది. కలం పక్కన పెట్టింది, వంగి ఆయన కాలిమీద వేలితో నొక్కింది. గుంట పడింది, పూడలేదు. ఆ తరువాత మిగిలిన ఎనిమిదీ అడిగింది. ఛాతీ ఎక్సరే, ఈసీజీ, గుండె స్కాను అన్నీ సాయంత్రం నాలుగున్నరకు చేతికొచ్చాయి. ఊపిరితిత్తుల్లో గని దుమ్ము జాడ లేదు. గుండె పెద్దదై బలహీనపడింది. రక్తాన్ని సరిగా తోయలేకపోతోంది, అందువల్ల నీరు ఊపిరితిత్తుల్లోనూ కాళ్ళలోనూ నిలుస్తోంది.

"ముందే రావలసింది," అంది ఆమె. "చాలా ముందే."

ఆయన అప్పుడొక్కటే మాట అన్నాడు. "పంపు నిలిచిపొయి గని నిండినట్ల."

అంతే. మా గనులు మూసి పంపులు ఆపేశాక, షాఫ్టులన్నీ నీళ్ళతో నిండిపోయిన సంగతి ఆమెకు తెలుసో లేదో. ఆమె తల ఊపింది.

తిరుగు బస్సులో ఆయన తలలు లెక్కపెట్టలేదు.

ఆ తరువాత పంతొమ్మిది రోజులు మా గేటు చప్పుడు వినలేదు. మధ్యలో రెండుసార్లు నీళ్ళు వచ్చాయి. ఎనిమిది గేట్ల చప్పుడు వినిపించింది, తొమ్మిదోది లేదు. ఎనిమిదో గేటు చప్పుడు విని నేనే కొళాయి తిప్పుకున్నాను. మందులు సరిగ్గా వేసుకుంటున్నాడని ఆయన భార్య వచ్చి చెప్పింది. చిన్నగా ఉంటుంది, మాట పదును.

"మీరు చెప్పినారు బాగుండాది, ఆయప్ప మొగం ఎత్తుకోని తిరగలేకుండా ఉండాడు. లైను మూల మీద మొగోళ్ళు, 'ఏం తాతా, ఏ లెవెల్లో పని చేసినావు, టెర్రస్ లెవెలా?' అంటా ఉండారు."

"నేను చెప్పింది తప్పా?"

"తప్పని నేను అంటినా? చీటీ రాస్తా ఉంటే మీ చెయ్యి పట్టుకున్నదెవరు? నేను చెప్పుంటే మొగుని మానం తీసిందంటారు. అందుకే మీ చెయ్యి పట్టుకుంటిని."

నేను చెప్పిన లెక్క సరైనదే. దానికి ఆయన చెల్లించినది ఎంతో నా పుస్తకంలో ఏ గడిలోనూ లేదు. ఆ పంతొమ్మిది రోజులూ ఆ గడి గురించే ఆలోచించాను.

ఇరవయ్యో రోజు ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మూడు దెబ్బలు. మెట్టు దగ్గర నిలబడ్డాడు. ముఖం సన్నబడింది, కాళ్ళు సన్నబడ్డాయి.

"ఆ కాటా యాడ ఉండాది?" అన్నాడు. పలకరింపు లేదు.

రోజూ ఉదయం బరువు చూసుకోవాలని, రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిండి కాదు, నీరని, వెంటనే రావాలని డాక్టరమ్మ చెప్పింది. లైనులో కాటా ఎవరికీ లేదు, మా ఇంట్లో ఉంది. తెచ్చి వరండాలో పెట్టాను. ఆయన ఎక్కి, బోల్టుతో గోడ మీద మూడు కొట్టాడు.

"మనిషి ఎక్కినాడు. చూడండి."

అరవై నాలుగున్నర. కోలారులో డెబ్బైయొకటి ఉంది. రాశాను.

దిగి, మెట్టు మీద కూర్చుని, ఎటో చూస్తూ అన్నాడు. "నిన్న రాత్రి పండుకున్నాను టీచరమ్మా. వెల్లకిలా. ఇంటి పైకప్పు రేకుల్లో మూడు చిల్లులు పడి ఉండాయి. మూడేండ్లలో అవి చూసిందే లేదు."

ఆ తరువాత రోజూ వచ్చాడు. రోజుకు ఒకటిన్నర లీటరుకు మించి ఏదీ తాగకూడదని ఆయనకు చెప్పారు. అందుకే మొదటివారంలోనే, మా ఇంట్లో తాగేది కూడా లెక్కలో వేయాలన్నాను. ఆయన పిట్టగోడ మీది గ్లాసు తీసి నా ముందు పెట్టాడు.

"దీంట్లో ఎంత పడతాది టీచరమ్మా?"

నాకు తెలియలేదు. మా ఇంట్లో ఉప్పు చెంచా కొలత తెలుసు, ప్రతి డ్రమ్ము కొలత తెలుసు. అన్ని సంవత్సరాలుగా నేనే నీళ్ళు పోసిన ఆ గ్లాసును ఒక్కసారీ కొలవలేదు. లోపలికి వెళ్ళి, రెండు వందల మిల్లీలీటర్లు సరిగ్గా పట్టే నా కాఫీ గ్లాసు తెచ్చి ఇచ్చాను. మరొక చేత్తో కుర్చీ కూడా తెచ్చి వేశాను. ఆయన గ్లాసు వైపు, కుర్చీ వైపు, నా వైపు చూశాడు.

"ఇరవై ఏండ్లకు ఒక కుర్చీ వేసినారు. కాళ్ళు ఎత్తి పెట్టుకోమన్నాది డాక్టరమ్మ. ఇంగొక కుర్చీ వెయ్యాలంటే ఇంగ ఇరవై ఏండ్లు బతకల్లా?"

నేను వెళ్ళి స్టూలు తెచ్చాను. పాత గ్లాసు ఆ రోజు నుంచి తులసి మొక్కకు నీళ్ళు పోయడానికి వాడుతున్నాను. దానిలో నూట అరవై పడతాయి.

ఆ రోజుల్లో ఆయన బేజారు పడింది ఒక్క ఉప్పు గురించే. ఎండుచేప, ఉప్పుమిరపకాయ, ఊరగాయ అన్నీ మానాలి. "సంగటిలోకి చింతపులుసు ఒకటే మిగిలింది. దానికన్నా ఆ పీల్చే మందే మేలు," అనేవాడు. "ఒక్క ఎండుచేప తోక. వాసనకు." నేను బోల్టు అందుకుని మెట్టు మీద ఒక్కటి కొట్టేదాన్ని. అంచులోని అంకె ఇరవై రెండు నుంచి పద్నాలుగు, పది, తొమ్మిది వరకు దిగింది. ఆరుకు మాత్రం మళ్ళీ రాలేదు. పోయిన సంవత్సరాలు పోయినవే.

కోలారు వెళ్ళిన తరువాత రెండు సంవత్సరాల ఎనిమిది నెలలు ఉన్నాడు. ఒక శనివారం తెల్లవారుజామున పోయాడు. శుక్రవారం బరువు అరవై అయిదు, తేడా ఏమీ లేదు. నేను లైనుకు వెళ్ళేసరికి ఆయన భార్య గడపలో కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"పండుకోనే పొయినాడమ్మా," అంది. "కూసోని కాదు. పండుకోని."

వచ్చినవాళ్ళను లెక్కపెట్టాలని నాకు తోచింది. రెండు వందల పన్నెండు వరకు లెక్కపెట్టి, సరిచూసుకోవడానికి పక్కన మనిషి లేడని గుర్తొచ్చి ఆపేశాను.

ఇప్పుడు పోయిన గురువారం.

గేటు దగ్గర నలభై అయిదేళ్ళ ఆడమనిషి, నాకు ముఖం తెలియదు. ఒక చెయ్యి గేటు మీద, ఒక చేతిలో ఆయన బోల్టు. మాట రావడానికి సమయం పట్టింది.

"తాత లైనే అమ్మా మాది. బెంగళూరులో ఇళ్ళపని, దినామూ రైలుకు పొయ్యి వస్తాను. ఈ దినం రైలు వదిలేసి వచ్చినాను."

"ఆ బోల్టు?"

"తాతింటి అవ్వ ఇచ్చింది. మూడు కొడితే టీచరమ్మ తలుపు తీస్తాదని చెప్పింది." మళ్ళీ ఊపిరి తీసుకుంది. "తాత ఉన్నప్పుడు మా లైనులో నలుగురు ఆడోళ్ళని పిలిచి చెప్పినాడమ్మా. ఊరి ఆస్పత్రిలో మా అందరికీ దుమ్మని పీల్చే మందు ఇస్తా ఉండిరి. 'మీరు ఎప్పుడన్నా గనిలోకి దిగినారా? నేనూ దిగలేదు. దిగినానని అబద్ధం చెప్పి ఆరేండ్లు పోగొట్టుకున్నాను. పొయ్యి కోలారులో నిజం చెప్పండి' అన్నాడు. మూల మీద మొగోళ్ళందరి ముందరే అన్నాడు. వాళ్ళు నవ్వితే, 'అవును, టెర్రస్ లెవెలే' అన్నాడు."

ఈ సంగతి నాకు తెలియదు. రెండు సంవత్సరాల ఎనిమిది నెలలు రోజూ నా ఎదుట కూర్చుని, ఎండుచేప తోక గురించి చెప్పాడు కానీ ఇది చెప్పలేదు.

"మిగతా ముగ్గురూ?"

"కోలారు పొయినారు. ఒకామెకు గుండె, ఒకామెకు రక్తం తక్కువ, ఒకామెకు నిజంగానే దుమ్ము దమ్మే. గని రాయి దంచిన పొడి పోసిన సైనైడ్ దిబ్బ పక్కనే కదా ఇల్లు. ముగ్గురూ మందులు తింటా ఉండారు. నేనే పోలేదు, పనికి లీవు ఇయ్యరని." ఆమె బోల్టు నా చేతికి ఇచ్చింది. "నిన్న అవ్వ మా ఇంటికొచ్చి తిట్టిందమ్మా. 'ఆయప్ప లెక్కలో నువ్వొక్కదానివే తక్కువ, ఆయప్ప ఇంగా ఇంటికి పోలేదు' అని."

గేటు తీశాను. కుర్చీ వేశాను, స్టూలు వేశాను, రెండు వందల మిల్లీలీటర్ల గ్లాసుతో నీళ్ళు ఇచ్చాను. ఆమె ఊపిరి కుదుటపడేదాకా గడియారం చూశాను. నాలుగు నిమిషాలు. తరువాత పుస్తకంలో కొత్త పేజీ తీసి, తేదీ వేసి, అడిగాను.

"రాత్రిళ్ళు ఎన్ని దిండ్లు పెట్టుకుంటారు తల్లీ?"

"దిండ్లా?" ఆమె నవ్వింది. "గోడ ఉండాది కదమ్మా."

రాసుకున్నాను.